కొత్త ప్యాడ్లు, డిస్కులు వేశాక చక్రం పట్టేస్తోందా? ముందు ఒక్క నిప్పిల్ వదులు చేసి చూడండి

నల్లగొండలో మా ఇంటి వాకిట్లోనే నా పాత హ్యాచ్‌బ్యాక్ కారు ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు, అవి అదిమి పట్టుకునే కొత్త డిస్కులు వేసుకున్నాను. మరుసటి రోజు దేవరకొండ వెళ్లి వస్తుంటే దారిలో కాలిన వాసన మొదలైంది. మొదట పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారేమో అనుకున్నాను. బండి ఆపి చూస్తే ఎడమవైపు ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కుడి చక్రం మాత్రం మామూలుగా ఉంది. పాత బ్రేకులతో ఎన్నడూ రాని ఇబ్బంది, డబ్బు పోసి కొత్తవి వేశాక వచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ఏదో ఒక భాగం కొంటారు. ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ మారుస్తారు. మిర్యాలగూడలో మా బావమరిది కారుకు ఒక షెడ్డులో సరిగ్గా ఇదే జరిగింది. రెండు పెద్ద భాగాలు మార్చిన తర్వాత తేలింది, తప్పు ఆ ఆయిల్ వెళ్లే ఒక రబ్బరు గొట్టంలో ఉందని. దయచేసి మీరు అలా చేయకండి. చక్రం పట్టేయడానికి కారణాలు పది ఉన్నా, వాటన్నిటినీ రెండు గుంపులుగా విడగొట్టే పరీక్ష ఒకటుంది. దానికి పది నిమిషాలు చాలు. చక్రాన్ని పట్టి ఉంచుతున్నది లోపల చిక్కుకున్న ఆయిల్ ఒత్తిడా, లేక ఎక్కడో కదలకుండా బిగుసుకున్న ఇనుమా అన్నది ముందు తేలాలి. భాగాలు కొనడం ఆ తర్వాతి మాట.

అసలు పట్టేస్తోందా, లేక కొత్తదనమా?

కొత్త ప్యాడ్లు డిస్కును కొద్దిగా రాసుకుంటూ తిరగడం తప్పు కాదు. డిస్క్ బ్రేకుల్లో ప్యాడ్‌ను దూరంగా లాగే పెద్ద స్ప్రింగు ఏదీ ఉండదు. క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ చదరపు అంచుల రబ్బరు రింగు ఒకటి గాడిలో కూర్చుని ఉంటుంది. మీరు బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ రింగును కొంచెం వంచుతుంది. కాలు తీయగానే రింగు తన అసలు ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాక్కుంటుంది. ఆ వెనకడుగు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. బ్రేకును విడిపించే బలమంతా ఆ చిన్న రింగుదే. ఈ మాట గుర్తుంటే మిగతా విషయమంతా సులువుగా అర్థమవుతుంది. అంత తక్కువ బలంతో జరిగే పనిని కాస్త తుప్పు, కాస్త ఎండిన గ్రీజు, ఒక పొర రంగు కూడా ఆపేయగలవు.

కాబట్టి జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని రెండు చేతులతో తిప్పి చూడండి. సన్నగా సుయ్‌మనే శబ్దం వస్తూ చక్రం తిరిగి, వదిలాక ఇంకో అర చుట్టో, ఒక చుట్టో తిరిగితే దిగులు పడనవసరం లేదు. చేతులకు బలం పెట్టి గుంజాల్సి వస్తే, వదిలిన క్షణమే ఆగిపోతే అది పట్టేయడమే. ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. ముందు చక్రాలతో నడిచే కారులో ముందు చక్రాన్ని తిప్పితే దానితోపాటు గేరుబాక్సు లోపలి భాగాలు కూడా తిరుగుతాయి. అందువల్ల అది వెనుక చక్రం కంటే కాస్త బరువుగానే అనిపిస్తుంది. ముందు చక్రాన్ని వెనుకదానితో పోల్చకండి. ఎడమ ముందు చక్రాన్ని కుడి ముందు చక్రంతోనే పోల్చండి.

ఏ చక్రమో తేల్చడం

తెల్లవారుజామున, ఎండ రాకముందే బండి తీయండి. ఈ సమయం ఊరికే చెప్పడం లేదు. వేసవిలో మా జిల్లాలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ఎండ పడే వైపు చక్రం నిలబడి ఉన్నా కాలుతుంది. అప్పుడు చేసిన పరీక్ష మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

పానగల్లు దాటాక దొరికేలాంటి ఖాళీ దారిలో ఐదారు కిలోమీటర్లు, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా నడపండి. చివర్లో కూడా బ్రేకుతో కాకుండా వేగం దానంతట అది తగ్గేలా చూసి ఆపండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి చూపండి, డిస్కును మాత్రం తాకకండి. దూరం నుంచి వేడిని కొలిచే చిన్న పరికరం ఉంటే ఇంకా మంచిది. అంకె ఎంత అన్నదానికంటే కుడికీ ఎడమకూ తేడా ఎంత అన్నదే చూడాలి. బాగా కాలిన డిస్కు మీద నీళ్లు పోయకండి. డిస్కు వంకర పోవచ్చు, పగలనూ వచ్చు.

వేడి ఎక్కడుందన్నది సగం సమాధానం చెప్పేస్తుంది. ఒక్క చక్రమే కాలితే తప్పు దాదాపు ఎప్పుడూ ఆ చక్రం దగ్గరే ఉంటుంది. వెనుక రెండూ కాలితే ముందు హ్యాండ్ బ్రేకును అనుమానించండి. నాలుగూ కాలితే పెడల్ దగ్గరో, మాస్టర్ సిలిండర్‌లోనో, ఆయిల్‌లోనో తేడా ఉంది. ఒక ముందు చక్రం, దానికి ఐమూలగా ఉన్న వెనుక చక్రం కలిసి పట్టేస్తే అది కూడా ఒక సూచనే. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో బ్రేకు పైపులను అలా ఐమూలగా రెండు జట్లుగా వేస్తారు, కాబట్టి మాస్టర్ సిలిండర్‌లోని రెండు గదుల్లో ఒకటి వదలడం లేదని అర్థం.

ఇంకో సంగతి కూడా గమనించండి. బయలుదేరినప్పుడు బాగానే ఉండి, నాలుగైదు కిలోమీటర్లు పోయాక మెల్లగా బిగుస్తోందా? లేక మొదటి అడుగు నుంచే పట్టి ఉందా? మొదటి రకమైతే ఆయిల్ వైపు అనుమానం పెరుగుతుంది. ఎందుకన్నది కింద చెబుతాను.

జాకీ గురించి ఒక మాట, గట్టిగా

బండితో వచ్చే జాకీ చక్రం మార్చుకోవడానికే. దాని మీదే బండిని నిలబెట్టి కింద పని చేయకండి. జాకీతో లేపాక తప్పనిసరిగా ఇనుప స్టాండు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి. నేలను తాకి ఉన్న చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు అడ్డం పెట్టండి, ఎందుకంటే మీరు పరీక్ష కోసం హ్యాండ్ బ్రేకు దించాల్సి వస్తుంది. మన చెల్క నేలల్లో వాన పడ్డాక జాకీ అడుగు భాగం మట్టిలోకి దిగిపోతుంది. గచ్చు మీద చేసుకోండి, లేదంటే కింద మందపాటి చెక్క వేయండి. బ్రేకు దుమ్మును నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టకండి. తడి గుడ్డతో తుడవండి, లేదా బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడగండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది.

నిప్పిల్ పరీక్ష

బ్రేకు పట్టేసిన స్థితిలోనే ఈ పరీక్ష చేయాలి. బండి చల్లారి చక్రం వదిలేశాక చేస్తే ఏమీ తెలియదు. కాబట్టి ముందు బండిని కాస్త నడిపి, బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి, చక్రం పట్టేసిందని చూసుకున్నాక లేపండి. కాలిన భాగాలకు దూరంగా ఉండండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

క్యాలిపర్ వెనుక రబ్బరు టోపీ పెట్టిన చిన్న నిప్పిల్ ఉంటుంది. ఆయిల్‌లో చేరిన గాలి తీసేటప్పుడు విప్పేది అదే. సరిపోయే రింగ్ స్పానర్ మాత్రమే వాడండి. తెరిచి ఉన్న నోటి పానాతో తిప్పితే అంచులు అరిగిపోతాయి, తర్వాత దాన్ని తీయడం పెద్ద పని అవుతుంది. నిప్పిల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, దాని రెండో కొస కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఇప్పుడు నిప్పిల్‌ను అర చుట్టు వదులు చేసి, వెంటనే చక్రాన్ని తిప్పి చూడండి.

ఆయిల్ చివ్వున చిమ్మి చక్రం హాయిగా తిరగడం మొదలైతే ఒత్తిడి లోపల చిక్కుకుని ఉందన్నమాట. తప్పు ఆయిల్ దారిలో ఉంది. ఆయిల్ ఊరికే కారుతూ చక్రం మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుని ఉంటే, తప్పు ఇనుములో ఉంది. అంటే పిన్నులు, ప్యాడ్లు, పిస్టన్, డిస్కు. నిప్పిల్ బిగించేయండి. కారు రంగు మీద ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, రంగును తినేస్తుంది.

ప్యాడ్లు, డిస్కులు మార్చిన వెంటనే మొదలైన ఇబ్బంది ఎక్కువసార్లు ఇనుము వైపే తేలుతుంది. నాదీ అలాగే తేలింది. అందుకే దాన్ని వివరంగా చెబుతాను.

ఇనుము వైపు తేలితే

క్యాలిపర్ విప్పి ఒక తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు వేలాడగట్టండి. రబ్బరు గొట్టం మీద బరువు పడేలా వదిలేయకండి. ఆ తప్పు చేస్తే ఇప్పుడు లేని జబ్బు రేపు వస్తుంది.

మొదట స్లైడ్ పిన్నులు చూడండి. చిన్న కార్లలో క్యాలిపర్‌కు ఒకవైపే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నెట్టాక, క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్ను జారకపోతే ఒక ప్యాడ్ ఎప్పుడూ డిస్కును అదుముకునే ఉంటుంది. పిన్ను చేత్తో పట్టి లాగితే రావాలి, నెడితే పోవాలి. చాలా కార్లలో పైపిన్నూ కిందిపిన్నూ ఒకటి కావు. ఒకదాని కొసకు చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది, లేదా ఒకవైపు చదునుగా ఉంటుంది. వాటిని తారుమారు చేస్తే బిగుసుకుంటాయి. విప్పే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఈ బాధ ఉండదు. నేను ఎడమ చక్రం దగ్గర ఈ ఫొటో తీయలేదు, తిరిగి బిగించేటప్పుడు పిన్నులు మారిపోయాయి.

పిన్నులను పాత గ్రీజు పోయేలా తుడిచి, అవి దూరే రంధ్రాలను కూడా శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు గానీ బ్రేకుల కోసమే చేసిన గ్రీజు గానీ పలుచగా రాయండి. డబ్బాల్లో దొరికే మామూలు బేరింగ్ గ్రీజు వద్దు. పెట్రోలియం నూనె తగిలితే పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు బూట్లు (తొడుగులు) ఉబ్బుతాయి, ఉబ్బిన రబ్బరు పిన్నును గొంతు పట్టుకున్నట్టు పట్టేస్తుంది. గ్రీజు ఎక్కువైనా కష్టమే. రంధ్రం అడుగున గ్రీజు, గాలి చిక్కుకుంటే పిన్నును నెట్టినప్పుడల్లా అది స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది. అలా తన్నితే బూటు అంచును వేలితో కాస్త ఎత్తి గాలి పోనివ్వండి.

తర్వాత ప్యాడ్ల చెవులు. ప్యాడ్ రెండు కొసల్లో ఇనుప చెవులుంటాయి, అవి క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌లోని గాడుల్లో జారాలి. గాడిలో పలుచని స్టీలు క్లిప్పు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ క్లిప్పు వెనుక తుప్పు పెరిగి దాన్ని లోపలికి నెడుతుంది, గాడి ఇరుకైపోతుంది. పాత ప్యాడ్ల చెవులు ఎన్నో ఏళ్లుగా అరిగి ఆ ఇరుకులోనే సర్దుకుని ఉంటాయి. కొత్త ప్యాడ్ పూర్తి కొలతతో వస్తుంది, పైగా చెవుల మీద మందంగా రంగు ఉంటుంది. అందుకే పాతవాటితో లేని ఇబ్బంది కొత్తవాటితో వస్తుంది. క్లిప్పులు తీసి, గాడిని తీగల బ్రష్షుతో, ఆకురాయితో ఇనుము మెరిసేదాకా శుభ్రం చేయండి. దొరికితే కొత్త క్లిప్పులే వేయండి. ప్యాడ్ చెవి అంచున పేరుకున్న రంగును ఆకురాయితో గీకేయండి, ఇనుమును మాత్రం తగ్గించకండి. ఆ తర్వాత ప్యాడ్ రెండు వేళ్లతో నెడితే జారాలి. లోపల కూర్చోబెట్టడానికి సుత్తి పట్టాల్సి వచ్చిందంటే అది తిరిగి బయటికి రాదు. నా కారు ఎడమ చక్రానికి పిన్నులతోపాటు ఇది కూడా తోడైంది. ప్యాడ్‌ను సుత్తి పిడితో తట్టి కూర్చోబెట్టిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తట్టు దగ్గరే పని ఆపి ఉండాల్సింది.

పొలాలకు వెళ్లే బండి అయితే ఇంకో సంగతి చూడండి. వానాకాలం వరి మడుల గట్ల మీద తిరిగిన కారు క్యాలిపర్ లోపల నల్లరేగడి మట్టి గడ్డకట్టి ఉంటుంది. ఎండాక అది ఇటుకలా తయారై క్యాలిపర్‌ను జరగనివ్వదు. కొత్త ప్యాడ్లు వేసే ముందే ఆ మట్టినంతా పొడిచి తీసేయాలి.

ప్యాడ్ల వెనుక పలుచని రేకులు కూడా లెక్కపెట్టండి. పాత రేకు పిస్టన్‌కు అతుక్కుని ఉండిపోయి, కొత్త ప్యాడ్ తన రేకుతో వస్తే రెండు మందాలు కలిసి చోటు మింగేస్తాయి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఒకే ఆకారం కాకపోతే తారుమారు కాలేదని చూసుకోండి. పెట్టె మీద రాసిన మోడలు, సంవత్సరం మీ బండివేనా అని మళ్లీ చదవండి. ఒకే పేరుతో వచ్చిన కారుకు కూడా ఏడాది మారితే ప్యాడ్ మారవచ్చు.

ఇప్పుడు డిస్కు. చక్రం తిప్పుతుంటే చుట్టంతా కాకుండా ఒక్క చోటే పట్టి, మళ్లీ వదిలి, మళ్లీ అక్కడే పడుతోందా? అలాగైతే డిస్కు వంకరగా కూర్చుంది. కొత్త డిస్కు బాగానే ఉన్నా, అది ఆనుకునే హబ్ (చక్రం బిగించే ఇరుసు భాగం) ముఖం మీద తుప్పు పొర ఉంటే అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పెరుగుతుంది. డిస్కు అంచున ఊగు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. కంటితో అది తెలియదు, డయల్ గేజ్ ఉన్న షెడ్డులో కొలిపించవచ్చు. అయితే కొలవకముందే డిస్కు తీసి హబ్ ముఖాన్ని, బోల్టుల చుట్టూ మూలలతో సహా, ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ వేయండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, వేసే ముందే దాన్ని క్లీనర్‌తో కడిగేయాలి. డిస్కు వెనుక రేకు వంగి రాసుకుంటుంటే గరగరమని శబ్దం వస్తుంది కానీ చక్రం కాలదు. వేలితో వెనక్కి వంచితే పోతుంది.

చివరగా పిస్టన్. ప్యాడ్లు వేయడానికి దాన్ని వెనక్కి నెట్టినప్పుడు ఎంత బలం పట్టిందో గుర్తు చేసుకోండి. సి-క్లాంపుతో మెల్లగా తిప్పితే నున్నగా పోవాలి. ఆగుతూ, గుంజుతూ పోతే, దాని చుట్టూ దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంటే, లోపల తుప్పు చేరింది. బయటికి వచ్చి ఉన్న పిస్టన్ భాగం ఏళ్లుగా నీళ్లకు, దుమ్ముకు తడిసి ఉంటుంది. కొత్త మందపాటి ప్యాడ్ కోసం ఆ తుప్పు భాగాన్నే మీరు రబ్బరు రింగులోకి నెట్టారు. ఇక ఆ రింగు దాన్ని వెనక్కి లాగలేదు. తేలికపాటి మురికైతే రబ్బరు కిట్టు వేస్తే సరిపోతుంది. పిస్టన్ మీద గుంటలు పడితే క్యాలిపర్ మార్చడమే. వెనుక కూడా డిస్కులున్న కార్లలో కొన్నిటికి పిస్టన్‌ను నెడుతూ తిప్పాలి, ఊరికే అదిమితే లోపలి యంత్రం పాడవుతుంది. తిప్పాక పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడ్ వెనుక బొడిపె ఒకదానికొకటి సరిపోవాలి. మీట నొక్కితే పడే కరెంటు హ్యాండ్ బ్రేకు ఉన్న బండి అయితే, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు దాన్ని ముందు సర్వీసు స్థితిలోకి తీసుకురావాలి.

ఆయిల్ వైపు తేలితే

ఒక్క చక్రంలో ఒత్తిడి చిక్కుకుంటే ముందు రబ్బరు గొట్టాన్ని అనుమానించండి. పాతబడిన గొట్టం బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం ఊడి నాలుకలా వేలాడుతుంది. మీ కాలి బలం ఆయిల్‌ను అటు నెట్టగలదు, పిస్టన్ రింగుకు మాత్రం దాన్ని తిరిగి ఇటు నెట్టే బలం లేదు. మా బావమరిది కారులో ఉన్నది ఇదే. దీన్ని తేల్చడానికి, చక్రం మళ్లీ పట్టేసేలా బ్రేకు తొక్కి, ఈసారి నిప్పిల్ కాకుండా ఇనుప పైపు రబ్బరు గొట్టాన్ని కలిసే చోటి నట్టును కొంచెం వదులు చేయండి. చక్రం వదలలేదా? అప్పుడు తప్పు గొట్టంలో ఉంది. వదిలిందా? తప్పు ఇంకా పైన ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ లోపల తుప్పు పెరిగి గొట్టాన్ని నొక్కేయడం కూడా ఉంటుంది, అదీ చూడండి. క్యాలిపర్ బిగించేటప్పుడు గొట్టం మెలిపడిందేమో కూడా చూడండి.

ఒకటి కంటే ఎక్కువ చక్రాలు పడితే పెడల్ దగ్గరికి వెళ్లండి. పెడల్‌ను వేలితో నొక్కితే మొదటి కొన్ని మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. ఆ వదులు లేకపోతే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. లోపల ఆయిల్ తిరిగి పైనున్న బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి పోయే సన్న రంధ్రం ఒకటి ఉంటుంది, అది మూసుకుపోతుంది. బండి నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది. పోవడానికి దారి లేక ప్యాడ్లను అదుముతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఇంటి దగ్గర బాగుండి నాలుగైదు కిలోమీటర్లకు బిగుసుకోవడానికి కారణం ఇదే. బ్రేకు లైటు స్విచ్చిని ఎక్కువ బయటికి బిగించి ఉంటే అదే పెడల్‌ను నొక్కి ఉంచుతుంది. వెనుక బ్రేకు లైట్లు ఆరడం లేదంటే పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో చూడండి. కాళ్ల కింద వేసిన మందపాటి మ్యాటు పెడల్‌ను ఆపడం కూడా నేను చూశాను.

పెడల్ సరిగా ఉన్నా వదలకపోతే, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు (పెడల్ బలాన్ని పెంచే గుండ్రటి డబ్బాకు) పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి, పైపులు వంగకుండా సిలిండర్‌ను కాస్త ముందుకు లాగండి. చక్రాలు వదిలితే వెనుక ఉన్న తోపుడు కడ్డీ ఎక్కువ పొడుగ్గా అమరి ఉంది. వదలకపోతే తప్పు సిలిండర్ లోపలే. పిస్టన్లను నెట్టినప్పుడు మురికి ఆయిల్ వెనక్కి వెళ్లి ఆ సన్న రంధ్రంలో ఇరుక్కుని ఉండవచ్చు. అందుకే ఈసారి పిస్టన్ నెట్టేటప్పుడు నిప్పిల్ తెరిచి, ఆ ఆయిల్ సీసాలోకి పోయేలా చూడండి. గాలి తీసేటప్పుడు పాత కారు పెడల్‌ను నేల తాకేదాకా తొక్కకండి, కింద ఒక చెక్క ముక్క పెట్టండి. సిలిండర్‌లో ఎన్నడూ వాడని తుప్పు భాగం మీదికి రబ్బర్లు వెళ్తే కోసుకుపోతాయి.

ఇక అన్నిటికంటే ఖర్చు పెట్టించే తప్పు. మనమంతా దాన్ని బ్రేక్ ఆయిల్ అంటాం, నేనూ ఇక్కడ అదే మాట వాడాను. కానీ అది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. ఆయిల్ అన్నారు కదా అని ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో ఒక మూత పోసిన బండ్లు ఉన్నాయి. ఖనిజ నూనె తగిలితే బ్రేకుల్లోని ప్రతి రబ్బరూ ఉబ్బుతుంది, నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. అనుమానం ఉంటే డబ్బా మూత లోపలి రబ్బరు చూడండి. అది ఉబ్బి ముడతలు పడి ఉంటే దాదాపు ఖాయం. డబ్బాలోంచి కొన్ని చుక్కలు తీసి గ్లాసు నీళ్లలో వేయండి. బ్రేకు ద్రవం నీళ్లలో కలిసిపోతుంది, నూనె పైన తేలుతుంది. తేలితే బండి నడపకండి. ద్రవం మార్చినంత మాత్రాన సరిపోదు. రబ్బరు ఉన్న ప్రతి భాగం మార్చాల్సి వస్తుంది, ఆ పని షెడ్డుకే అప్పగించండి.

మూత మీద రాసిన రకమే పోయండి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. ఈ ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. పట్టేసిన చక్రం ఆ వేడిని సులువుగా తెస్తుంది. లోపల ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ ఒక్కసారిగా నేలకు పోతుంది. పట్టేసిన బ్రేకుతో ఇంటిదాకా నెట్టుకుపోదామని ఎవరికీ చెప్పలేకపోవడానికి కారణం ఇదే. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మాత్రం వీటితో కలపకండి.

వెనుక చక్రాలైతే

మన దగ్గర చిన్న కార్లలో చాలావాటికి వెనుక డ్రమ్ము బ్రేకులే, వాటిలో ప్యాడ్లకు బదులు షూలు లోపలి నుంచి డ్రమ్మును అదుముతాయి. ముందు ప్యాడ్లతోపాటు వెనుక షూలు కూడా మార్చి ఉంటే, హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి. ముందు డ్రమ్ములోపల షూల దూరాన్ని సర్దే అడ్జస్టర్, చివర్లోనే కేబుల్. చాలామంది కేబుల్ బిగించి డ్రమ్ముల లోటును కప్పిపెడతారు. హ్యాండ్ బ్రేకు దించినా వెనుక చక్రాలు కాలితే, డ్రమ్ము దగ్గర కేబుల్ కొసను చేత్తో లాగి వదలండి. వెనక్కి పోకపోతే కేబుల్ లోపల తుప్పు పట్టింది. వానల్లో బండి కడిగి, హ్యాండ్ బ్రేకు వేసి నాలుగు రోజులు వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. అలా నిలిపేటప్పుడు సమతలం మీద, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెడితే చాలు.

తిరిగి బిగించాక

ఇంజను వేసి బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టిన తర్వాత మొదటి తొక్కుకు బ్రేకు పడదు. ఇది మరచి వాకిట్లోంచి నేరుగా గోడకు గుద్దిన వాళ్లున్నారు. డబ్బాలో ద్రవం పై గీత దాటకూడదు. చక్రం నట్లు కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుతో, ఐమూలగా బిగించండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. ఖాళీ దారిలో సుమారు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, ఓ మోస్తరుగా ఎనిమిది పది సార్లు తగ్గించండి. మధ్యలో కాస్త దూరం గాలికి చల్లారనివ్వండి. తర్వాత కాసేపు బ్రేకు తొక్కకుండా నడిపి, తెల్లవారుజామున చేసిన చక్రాల పరీక్షే మళ్లీ చేయండి. కుడీ ఎడమా సమానంగా ఉంటే పని అయినట్టే.

అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్దామనుకునే పాలమూరు వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కొత్త బ్రేకులు వేసిన మరుసటి రోజు నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కకండి. కనీసం వంద, నూట యాభై కిలోమీటర్లు మామూలు దారుల్లో తిప్పి, చక్రాలు కాలడం లేదని రెండుసార్లు చూసుకున్నాకే వెళ్లండి. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజను పట్టుతో దిగండి. బ్రేకు మీద కాలు పెట్టి ఘాట్ అంతా దిగితే ఏ లోపమూ లేని చక్రం కూడా కాలుతుంది, అప్పుడు అది లోపమో కాదో తేల్చుకోలేరు.

దారిలో పెడల్ మెత్తబడినా, చక్రం దగ్గర పొగ కనిపించినా, డ్యాష్‌బోర్డు మీద బ్రేకు హెచ్చరిక లైటు వెలిగి ఆరకపోయినా గేరు తగ్గిస్తూ పక్కకు ఆపి, చల్లారేదాకా అక్కడే ఉండండి. బండిని లాగించుకుని తీసుకెళ్లండి. నేను నట్లను మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగించి చూశాను, డబ్బాలో ద్రవం తగ్గిందేమో కూడా చూశాను. తగ్గలేదు.